నిజాము రాష్ట్రమున రైలుమార్గములును బ్యాంకులును

మన మహాసభకు విచ్చేయు సోదరీసోదరులలో పలువురు రైలుబండిలో వత్తురు. తాండూరు, వికారాబాదు వైపునుండి వచ్చువారు లింగంపల్లి దాటి హఫీజుపేట చేరునప్పటికి మా మదీనాగూడ పొలిమేరకు చేరువగ ప్రయాణము చేసినవారగుదురు. నేడు ఆ పొలిమేరలో పొలము కానరాదు. ఎటు చూచినను మేడలే. కాని ఆ రైలుదారి పాతదే. వాడీనుండి సికిందరాబాదునకు వేసిన యీ మార్గము 1874వ సంవత్సరము అక్టోబరు మాసమున తెఱవబడెను. నాటినుండి నేటికి నూటయేబది సంవత్సరములకు పైగా గడచినవి.

ఈ దారికి డబ్బెవరు పెట్టిరి? ఆ డబ్బునకు వడ్డీ ఎవరు కట్టిరి? ఆ వడ్డీ ఎచ్చటికి పోయెను? ఈ మూడు ప్రశ్నలును వర్తకము వృత్తిగా గల మనకు మిక్కిలి ముఖ్యములు. రైలును సరకులు మోయు సాధనముగను, బ్యాంకును రొక్కము దాచు పెట్టెగను తలచుట మనకు వాడుక. నిజమునకు ఈ రెండును ఒకదానినొకటి పెంచినవి. ఒకదాని నడకను ఒకటి మార్చినవి. ఆ కథలో మన పెద్దలు పొందినదేమి, పోగొట్టుకొన్నదేమి యని విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

రైలునకు పూర్వపు ధనవ్యవహారము

రైలు రాకపూర్వము హైదరాబాదున డబ్బునకు కొదవ లేదు. కార్వాను, బేగంబజారు ప్రాంతములలో మార్వాడీ, గుజరాతీ, గోసాయి సాహుకారుల కోఠీలు వర్ధిల్లుచుండెడివి. సర్కారునకు రొక్కము కావలసినప్పుడు వారే యప్పిచ్చెడివారు. తెలుగు వైశ్యులమగు మనవారిలో అట్టి మహాధనికులు అరుదు. మనవారి బలము అంగడివీధిలోను, పల్లెలోను ఉండెడిది. ధాన్యము, బట్ట, నూనె, బెల్లము మనవారి చేతిమీదుగ సాగెడివి. విత్తునప్పుడు అప్పును, కోసినప్పుడు కొనుగోలును రైతునకు మన అంగడిలోనే జరిగెడివి. పెద్ద కోఠీ చెఱువైనచో ఆ నీరు పల్లెకు చేర్చు కాలువలు మనవారే.

దూరప్రాంతములకు వెండి పంపుట నాడు ప్రయాసతో గూడిన పని. రూపాయల సంచులు ఎడ్లబండ్లమీద, అరబ్బు కావలివాండ్ర నడుమ, దినముల తరబడి పోవలెను. అందుచేత హుండీయే వర్తకమునకు ప్రాణము. చూపినతోడనే చెల్లవలసినది దర్శనీ హుండీ. గడువు తీఱిన పిదప చెల్లవలసినది ముద్దతీ హుండీ. హుండీపై పట్టుకొను వట్టము దారి దూరమునుబట్టియు, దారిలోని భయమునుబట్టియు, ఋతువునుబట్టియు మాఱుచుండెడిది. ఎచ్చటనో యున్న వ్యాపారి వ్రాసిన చీటిని ఇచ్చట చెల్లించుటకు ఆధారము పరస్పరమైన నమ్మకమొక్కటే. ఇట్టి విశ్వాసమును శతాబ్దములపాటు నిలుపుకొనిన వర్తకకులములను ఎంత పొగడినను తగును.

అయినను ఆ వ్యవహారమున ఒక లోపము గలదు. సర్కారునకిచ్చు అప్పులకు తాకట్టు జిల్లాల శిస్తు. అప్పు కొద్దికాలమునకు, వడ్డీ మిక్కుటము. దీని పర్యవసానమునకు విలియం పామరు కంపెనీ చరిత్రమే సాక్షి. ఈ కంపెనీ చందులాలు అధికారమున నున్న కాలమున, 1816లో గవర్నరు జనరలు అనుమతిని సంపాదించి, నిజాము సర్కారునకు నూటికి సాలుకు ఇరువదినాలుగు, ఇరువదియైదు రూపాయల వడ్డీకి అప్పు లిచ్చెను. బనకటీదాసు అను సాహుకారును ఆ కంపెనీలో భాగస్వామియే. బాకీ కొండవలె పెరిగెను. ఉత్తర సర్కారులకై ఆంగ్ల కంపెనీవారు నిజామునకు ఏటేట 7 లక్షల రూపాయల పేష్కషు చెల్లించుచుండిరి. 1823లో నిజాము ఆ రాబడిని శాశ్వతముగ వదలుకొని, బదులుగ ఒక్కసారిగ పొందిన సొమ్ముతో పామరు బాకీని తీర్పవలసి వచ్చెను. సముద్రతీరపు తెలుగునేలపై నిజామునకు మిగిలిన రాబడి ఇట్లు ఒక కోఠీ వడ్డీకి ఆహుతి యయ్యెను. అనతికాలముననే పామరు కంపెనీయు కూలెను. ఋణమిచ్చినవాడును ఋణము గొన్నవాడును కూడ మునిగిన వ్యవహారమిది.

ఆ తరువాత ముప్పదియేండ్లకు, 1853లో, కంటింజెంటు సైన్యపు ఖర్చుల బాకీకై ప్రత్తిపంటకు పేరుగన్న బీరారు ఆంగ్లేయుల యధీనమయ్యెను. ఆ సంవత్సరముననే సాలార్‌జంగు దివానుపదవి నధిష్ఠించెను.

ఇనుపదారికి వలయు ధనము

రైలుమార్గము సాహుకారు అప్పుతో సాగునది కాదు. పట్టాలు, వంతెనలు, ఇంజనులు, స్టేషనులు ఇవి యన్నియు ముందే సిద్ధము కావలెను. రాబడి మెల్లమెల్లగ వచ్చును. పెట్టుబడి తిరిగి చేతికి రావలెనన్న పదులకొలది సంవత్సరములు కావలెను. సాలు తిరుగకమున్నే అసలును, పండ్రెండో ఇరువదియో వడ్డీయు కోరు కోఠీ ఇంత యోపికపట్టజాలదు. నూఱుమంది ధనికుల గుట్టలుగాక, లక్షమంది సామాన్యుల చిన్నచిన్న మొత్తములు ఒకచోట చేరవలెను. అట్లు చేర్చునదే వాటాల కంపెనీ. ఆ వాటాలను అమ్మి, తాకట్టు పట్టి, చేతులు మార్చునదే బ్యాంకు. కావున రైలు ఎచ్చట విస్తరించెనో అచ్చట బ్యాంకు పెరిగెను. బ్యాంకు ఎచ్చట బలపడెనో అచ్చటి ధనమే ఇతర దేశముల రైళ్లకును ప్రాకెను.

ఇంగ్లాండున ఇట్టి ధనము పోగుపడెను. ఆ ధనమును మన దేశమునకు రప్పించుటకు ఆంగ్ల ప్రభుత్వము హామీ పద్ధతిని కల్పించెను. కంపెనీ వాటాదారులకు సాలుకు నూటికి 5 వంతున వడ్డీ తప్పక ముట్టునట్లు ప్రభుత్వము పూచీపడెను. రైలు నష్టపడినను ఆ వడ్డీ ఆగదు. ఆ లోటు ఇచ్చటి ప్రజాధనమునుండి పూడవలసినదే. 1853 ఏప్రిలు 16న బొంబాయినుండి ఠాణాకు పోయిన మొదటి బండియు, 1856 జూలై 1న మద్రాసు రాయపురమునుండి వాలాజారోడ్డునకు పోయిన బండియు ఈ హామీ ధనముతో నడచినవే.

ఈ జంట సాగిన ప్రతిచోటను లాభమే కలిగెనని భ్రమింపరాదు. ఫ్రాన్సుదేశమున పెరేరు సోదరులు 1852లో స్థాపించిన క్రెడీ మొబిలియే అను బ్యాంకు రైళ్లకు ధనము సమకూర్చి గొప్ప కీర్తి గడించి, 1867లో కూలిపోయెను. అమెరికాలో జే కుక్ అను ప్రసిద్ధ బ్యాంకరు నార్తర్ను పసిఫిక్ రైలు బాండ్లు అమ్ముడుపోక 1873 సెప్టెంబరులో తలుపులు మూసెను. దానివెంట ఆ దేశమంతట వర్తకము కుంటువడెను. మన పొరుగుననే, బొంబాయిలో, 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమువలన ప్రత్తిధర ఆకాశమునంటెను. ఆ లాభమంతయు వాటాల జూదమునకు మఱలెను. యుద్ధము ముగిసి ధర పడగానే, వాటాలమీద విచ్చలవిడిగ అప్పులిచ్చిన బొంబాయి బ్యాంకు చితికి, 1868లో మూతపడెను. దానికి బదులు అదే పేర మఱొక బ్యాంకును నెలకొల్పవలసి వచ్చెను. రైలు బ్యాంకును పెంచును, నిజమే. లెక్క మఱచిన బ్యాంకును ఆ వేగమే ముంచును.

వాడీనుండి బెజవాడవఱకు

ఇక మన రాష్ట్రమునకు వత్తము. సాలార్‌జంగు మొదట చేసిన పని ఇల్లు చక్కదిద్దుట. సాహుకారుల చేతికి, అరబ్బు జమేదారుల చేతికి చిక్కిన తాలూకాలను ఆయన విడిపించెను. శిస్తు గుత్తలను తగ్గించి, జీతమునకు పనిచేయు అధికారుల నుంచెను. హాలీ సిక్కా నాణెమును క్రమపఱచెను. 1865లో జిలాబందీ అను జిల్లాల ఏర్పాటు జరిగెను. ఖజానాలో ధనము నిలువసాగెను.

ఇందలి చిత్రమును గమనింపుడు. సర్కారు పరపతి కోఠీలలో చెడి, లెక్కలు చక్కబడుటచే లోకములో పెరిగెను. లోకములో పరపతి పెరుగుటచేతనే లండనులో వాటాలు అమ్ముడుపోగల స్థితి కలిగెను. ఏ సంస్కరణము రాజ్యమును సాహుకారు పట్టునుండి విడిపించెనో ఆ సంస్కరణమే దానిని లండను మదుపుదారునకు ఇష్టుడైన బాకీదారుగ చేసెను. మన కోఠీలవారు సర్కారు వ్యవహారమును పోగొట్టుకొనిరి. దానికి బదులు రైలుపెట్టుబడిలో పాలు పొందు ఉపాయమును వారు నేర్వలేదు.

బొంబాయినుండి వచ్చు గ్రేటు ఇండియన్ పెనిన్సులా రైలు నిజాము రాజ్యములోని గుల్బర్గా, వాడీలమీదుగ పోయి 1871లో రాయచూరున మద్రాసు రైలుతో కలిసెను. రాజధాని మాత్రము దారికి దూరముగ నిలిచిపోయెను. సికిందరాబాదు దండును ఈ మార్గముతో కలుపుట ఆంగ్లేయులకు సైన్యరక్షణార్థము కావలసియుండెను. రాజధానికి సరకు చేరుట సాలార్‌జంగునకు కావలసియుండెను. 1870లో ఒడంబడిక కుదిరెను. ఖర్చు నిజాము సర్కారుది. నాలుగేండ్లకు, మొదట చెప్పిన రీతిని, మా పొలిమేర చెంతగ బండి సాగెను.

వాడీదారి యొక్కటియే చాలదని త్వరలోనే తెలిసెను. తూర్పున ఓరుగల్లుమీదుగ కృష్ణాతీరమునకు పోవలెను; ఉత్తరమున చాందా వైపు పోవలెను. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడగు డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనియుండెను. బొగ్గు లేక రైలు లేదు. రైలు లేక బొగ్గునకు విలువ లేదు. ఈ విస్తరణమును లండను కంపెనీ కప్పగించు సంప్రదింపులు జరుగుచుండగా 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు మరణించెను.

అప్పుడు రాజధానిలో ఒక అపూర్వసంఘటన జరిగెను. విద్యావంతులగు కొందఱు చేరి, ఇంతటి భారము రాజ్యముపై మోపు ఒడంబడికను ప్రజలకు తెలుపక ముగింపరాదని, షరతులను ప్రకటింపవలెనని కోరిరి. వారిలో కళాశాలాధ్యక్షుడగు అఘోరనాథ చట్టోపాధ్యాయుడును, ముల్లా అబ్దుల్ ఖయ్యూమును ముఖ్యులు. సరోజినీదేవి తండ్రియే యీ అఘోరనాథుడు. లెక్క చూపుమన్నందులకు ఆయనకు లభించిన ఫలము 1883 మేనెలలో రాజ్యబహిష్కారము. వారు అడిగినది రైలు వలదని కాదు; ధనవ్యవహారము వెలుతురులో జరుగవలెనని మాత్రమే.

ఒడంబడిక ఆ సంవత్సరాంతమున ముగిసెను. నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే కంపెనీ లండనులో ఏర్పడెను. పెట్టుబడిపై సాలుకు నూటికి 5 వంతున 20 సంవత్సరములపాటు నిజాము సర్కారు హామీ ఇచ్చెను. 1886లో బండి ఓరుగల్లు చేరెను; 1889లో బెజవాడ చేరెను. తెలంగాణము సముద్రతీరపు తెలుగునేలతో ఇనుపదారిన ముడివడిన సుదిన మది.

ఆ హామీ యెట్టిదో ఒక చిన్న లెక్కతో చూతము. లండనులో నూఱు పౌనుల వాటా గొన్నవానికి ఏటికి 5 పౌనులు ముట్టవలెను. ఇరువది సంవత్సరములలో వడ్డీయే నూఱు పౌనులగును. అసలు అట్లే నిలిచియుండును. ఇంతటితో పోలేదు. వడ్డీ బంగారుపౌనులలో చెల్లవలెను. సర్కారునకు వచ్చు రాబడి వెండిలో. 1871 ప్రాంతమున ఒక్కొక్క ఆంగ్ల రూపాయి ఇంచుమించు రెండు షిల్లింగులకు సమానము. అనగా 5 పౌనులకు 50 రూపాయలు చాలును. వెండిధర పడగా పడగా, 1898 నాటికి రూపాయి ఒక షిల్లింగు నాలుగు పెన్నీల కడ నిలిచెను; అప్పుడు అదే 5 పౌనులకు 75 రూపాయలు కావలెను. వడ్డీరేటు పెరుగలేదు, అప్పు పెరుగలేదు. అయినను భారము ఒకటిన్నర రెట్లయ్యెను. మన సాహుకారు వడ్డీని దోపిడి యని నిందించినవారెవ్వరును ఈ మాఱుదల భారమును వ్రాతలో ముందుగ చూపినట్లు లేదు.

బొగ్గువిషయమున జరిగినది మఱియు విచారకరము. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ అను లండను కంపెనీ గనుల హక్కులను పొందెను. సర్కారు ప్రతినిధిగ ఈ వ్యవహారములు నడపిన అబ్దుల్ హక్కు, సర్దార్ దిలేర్ జంగు బిరుదాంకితుడు, తన సొంతవాటాలనే సర్కారు పేర కొనిపించెనని బయల్పడి పదవి గోల్పోయెను. 1888లో ఇంగ్లాండు పార్లమెంటు సంఘమొకటి ఈ సంగతిని విచారించెను. అయిదేండ్లకు పూర్వము అఘోరనాథాదులు దేనికి భయపడిరో అదియే జరిగెను.

బిల్టీయు హుండీయు

ఇంతవఱకు బ్యాంకులు రైలును పుట్టించిన విధమును జూచితిమి. రైలు మన అంగడిలోని ధనవ్యవహారమును మార్చిన విధము వేఱు.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున బెంగాలు బ్యాంకు శాఖ హైదరాబాదున నెలకొనెను. వెండిపెట్టెలు రైలులో సురక్షితముగ వచ్చుట, పట్టాలవెంట తంతివార్త నడచుట, బొంబాయి ధర ఆ దినముననే ఇచ్చట తెలియుట వలన, దారిభయముపై ఆధారపడిన వట్టము సన్నగిల్లెను. బొంబాయిధరను తానొక్కడే ఎఱిగియుండుటచే సాహుకారునకు కలుగు లాభము పోయెను.

వీని యన్నిటికంటె ముఖ్యమైన మార్పు బిల్టీ. వ్యాపారి స్టేషనులో ఆముదపుగింజలను బండికెక్కించినప్పుడు రైలువారు ఇచ్చు రసీదే బిల్టీ. బిల్టీ ఎవరిచేతిలో నున్న సరకు వానిది. వ్యాపారి ఆ బిల్టీని హుండీతో జతచేసి బ్యాంకున కిచ్చును. బ్యాంకు వట్టము పట్టుకొని వెంటనే రొక్క మిచ్చును. బ్యాంకు ఆ కాగితములను బొంబాయిలోని తన శాఖకు పంపును. కొనినవాడు హుండీసొమ్ము చెల్లించి బిల్టీని విడిపించుకొని సరకు దింపుకొనును. పూర్వము సరకు చేరి, అమ్ముడుపోయి, సొమ్ము తిరిగివచ్చువఱకు నెలలు గడచెడివి. ఇప్పుడు బండి కదలకమున్నే సొమ్ము చేతికి వచ్చును. ఆ సొమ్ముతోనే మఱొక బండి సరకు కొనవచ్చును. ఒకే మూలధనము సాలులో పెక్కుమార్లు తిరుగును.

ఇట్లు రైలురసీదు బ్యాంకునకు నమ్మదగిన తాకట్టయ్యెను. బ్యాంకు ఇచ్చు రొక్కము రైలునకు సరకు సమకూర్చెను. బండి నిండుటకు బ్యాంకు కావలెను. బ్యాంకు వట్టము సంపాదించుటకు బండి కావలెను. తాండూరు, జనగామ, ఓరుగల్లు, ఖమ్మము మొదలగు స్టేషనుపట్టణములు వర్తకస్థానములుగ పెంపొందినవి. ఆముదములు, నూనెగింజలు, ప్రత్తి బయటికి పోయెను. ఉప్పు, మిల్లుబట్ట, కిరసనాయిలు లోనికి వచ్చెను. 1901 నాటికి గోదావరీలోయ మార్గము నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదులమీదుగ మన్మాడు చేరగా మఱాఠ్వాడాప్రత్తియు ఈ వ్యవహారములోనికి వచ్చెను. పల్లెలోనుండిన మనవారు పలువురు స్టేషనుబజారునకు చేరి మండీ వర్తకులైరి. మన సంఘముయొక్క నేటి కలిమిలో కొంత పాలు ఆ బిల్టీలదే.

అయినను మన కలిమిని మాత్రమే చెప్పుకొని రైతును మఱచుట న్యాయము కాదు. బొంబాయిధర పల్లెకు తెలియుటచే రైతు బాగుపడవలసినది. కాని పంటకు ముందే అప్పుగొన్నవాడు కళ్లముననే గింజను అప్పగింపవలెను. ధర పెరిగిన లాభము వానికి దక్కదు, ధర తగ్గిన నష్టము వానిని తప్పదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున వచ్చిన గొప్పకఱవులో రైలు ధాన్యమును తెచ్చెను, నిజమే; కాని ధర యెక్కువ పలికిన చోటికి ధాన్యమును తరలించుకొని పోయినదియు ఆ రైలే. కొనుటకు డబ్బులేనివాని యూరిలో ధాన్యము నిలువదు. 1929, 1930 సంవత్సరములలో కేశవయ్యంగారుగారు ఈ రాష్ట్రపు గ్రామములలో జరిపిన ఆర్థికవిచారణలో రైతుల అప్పును, భూములు చేతులు మాఱుటయు విశదముగ వెల్లడియైనవి. ఆ భూములు చేరినచేతులలో మన చేతులు లేవని చెప్పజాలము. కోఠీకి ఎక్కువ వడ్డీ కట్టి డబ్బు తెచ్చినవాడు పల్లెలో అంతకంటె ఎక్కువ వడ్డీ పట్టెను. తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు అప్పిచ్చు సొంతబ్యాంకు లేకపోవుటవలన రైతుతోబాటు మనమును చెడితిమి. అతడు భూమిని పోగొట్టుకొనెను, మనము మంచిపేరును పోగొట్టుకొంటిమి.

ఇతరులు చేసినది, మనము చేయవలసినది

ధనము చేర్చుట యను విద్య ఏ యొక్క దేశమువారి సొత్తును కాదు. 1906 అక్టోబరులో మద్రాసున అర్బత్నాటు కంపెనీ దివాలా తీయగా వేలకొలది కుటుంబముల మదుపు మంటగలిసెను. ఆ దుఃఖమునుండియే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టెను. వి. కృష్ణస్వామి అయ్యరుగారు పూనుకొనగా, తరతరములుగ వడ్డీవ్యాపారము చేసిన నాట్టుకోట్టై చెట్టియార్లు వాటాలు గొని దానిని నిలువబెట్టిరి. కులవిద్యను వారు విడువలేదు. దానిని దేశమునకు పనికివచ్చు సంస్థగ మలచిరి. మన తెలుగునేలయందు డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో బందరున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో మొదలైన ఆ బ్యాంకు మహావృక్షమై, 2020లో యూనియన్ బ్యాంకున విలీనమగువఱకు తెలుగువారికి నీడనిచ్చెను.

నిజాము రాష్ట్రము తన రైళ్లను కంపెనీనుండి కొని 1930 ఏప్రిలు 1న స్వాధీనపఱచుకొనెను. హైదరాబాదు స్టేటు బ్యాంకు 1942లో ప్రారంభమయ్యెను. వాడీమార్గమున మొదటిబండి నడచిన అరువదియెనిమిదేండ్లకుగాని రాష్ట్రమునకు సొంతబ్యాంకు కలుగలేదని దీనివలన తెలియుచున్నది. అది 1956లో స్టేటు బ్యాంకు ఆఫ్ హైదరాబాదను పేరు దాల్చి, 2017లో భారతీయ స్టేటు బ్యాంకున కలిసెను. రైలు ముందును బ్యాంకు వెనుకను వచ్చుటయే మనకు కలిగిన నష్టము. బ్యాంకు ముందుండినచో హామీవడ్డీలో ఒక పాలైనను ఈ నేలమీదనే తిరిగియుండును. బావులకో, మగ్గములకో, బడులకో ఉపయోగపడియుండును. మన పూర్వులకు ధనము లేక కాదు, తెలివి లేక కాదు. ఒకని పెట్టెలోని ధనము మఱొకని పెట్టెలోని ధనముతో, లెక్కల సాక్షిగ, కలియు చోటు లేకనే యిట్లు జరిగెను.

కాలము మాఱినను సూత్రము మాఱలేదు. 1998లో హైటెక్ సిటీ వెలసినది మొదలు మా మదీనాగూడ పొలములు ఇండ్లస్థలములైనవి. ఆ ఇండ్లలో అధికభాగము బ్యాంకు అప్పులతోనే లేచినవి. 2017 నవంబరు 29 మొదలు మా ప్రక్కనున్న మియాపూరునుండి నాగోలువఱకు ప్రజలకై నడచుచున్న మెట్రోరైలునకును బ్యాంకుల గుంపొకటి అప్పిచ్చియే పని జరిగినది. నాడు లండను వాటాదారులు, నేడు మన బ్యాంకులు, అప్పిచ్చువాడు మాఱెను. దారి ఏ వీధిన పోవునో, భూమిధర ఎచ్చట పెరుగునో, అప్పుభారము ఎవరిపై పడునో నిర్ణయించునది నేడును ధనము చేర్చిన చేయియే. ఆ చేతులలో మన చేయియు నుండవలెనన్న మనము సమాహితులము కావలెను.

ఈ మహాసభయందు మన సంఘమున విద్యార్థినిధియొకటి నెలకొల్పవలెనను ప్రస్తావన వినవచ్చుచున్నది. ఉదారులగు పోషకులు ముందునకు వచ్చుచున్నారు, సంతోషము. మేము విన్నవించునది రెండుమాటలే. ఆ నిధిని ఏ పెద్దమనిషి యింటిపెట్టెలోను ఉంచవలదు, ఆయన యెంత పూజ్యుడైనను. బ్యాంకున నుంచి, ముగ్గురి సంతకములతో నడపి, ఏటేట లెక్కను ఈ సంచికయందే అచ్చువేయుడు. రెండవది, వేయి రూపాయలిచ్చు ధనికుని పేరుతోబాటు పది రూపాయలిచ్చు చిల్లరకొట్టువాని పేరును అందు వ్రాయుడు. రైలుపట్టాలు పఱచిన ధనము అట్టి చిన్నవాటాలనుండియే చేరినదని మఱువకుడు.

లెక్క చూపుమని యడిగినందులకు 1883లో ఒక పండితుడు ఈ నగరమును విడిచిపోవలసి వచ్చెను. మన సంఘములో లెక్క అడిగినవానిని ఆదరించునట్టి నాడు మాత్రమే మన హుండీకి పూర్వమువలె విలువ కలుగును. సభకు వచ్చు సోదరులు హఫీజుపేట దాటునప్పుడు ఒక్కసారి కిటికీలోనుండి ఆ పట్టాలను చూచి ఈ సంగతిని తలపోయుదురుగాక.